మూలం రాయని జెలటిన్: ‘మారిపోయింది’ అనుకుని మింగొచ్చా?

నూనెదీపం
అస్సలాము అలైకుమ్. విటమిన్ క్యాప్సూల్ డబ్బా మీద పైపొర గురించి ‘జెలటిన్, గ్లిజరిన్, నీళ్లు’ అని మాత్రమే రాసి ఉంది. ఏ జంతువుదో లేదు. డాక్టరు రాసిందే, కానీ అదే మందు చుక్కల రూపంలోనూ దొరుకుతుంది. ఇది హలాలా, హరామా, మధ్యలోదా? మజ్‌హబ్‌లలో (హనఫీ, మాలికీ, షాఫిఈ లాంటి ధర్మశాస్త్ర సంప్రదాయాలలో) తేడా ఉంటే అదీ చెప్పండి. ‘మీ మనసుకు ఏది తోస్తే అది చెయ్యండి’ అని మాత్రం అనకండి.

సాదాకాగితం
అనుమానం ఉంటే వదిలెయ్యండి. అంతే.

మాత్రలమనిషి
అంత తేలిగ్గా వదిలెయ్యమనకండి భాయ్. ఇక్కడ అసలు మాట ఇస్తిహాలా, అంటే వస్తువు తన స్వరూపం, గుణం పోగొట్టుకుని వేరే వస్తువు కావడం. సారా దానంతటది సిర్కా (వెనిగర్) అయితే హలాల్, ఇందులో ఏ మజ్‌హబ్‌కూ పేచీ లేదు. ఉప్పుగనిలో పడ్డ గాడిద ఉప్పైపోతే ఆ ఉప్పు పాక్ (శుద్ధం) అని హనఫీ గ్రంథాల్లో ఉంది. నజిస్ (అశుద్ధ) కొవ్వుతో చేసిన సబ్బుకూ ఇదే సూత్రం. మాలికీలు, మధ్యయుగ పండితుడు ఇబ్నె తైమియా కూడా ఇస్తిహాలాను ఒప్పుకున్నవారే. 1995లో కువైట్‌లో ఇస్లామిక వైద్యశాస్త్రాల సంస్థ సదస్సు జెలటిన్‌ను ఈ లెక్కలోనే పాక్ అని తేల్చింది. మూలం పందే అయినా అది ఇప్పుడు పంది కాదు. ఇక మూలమే తెలియనప్పుడు భయం దేనికి?

ఎముకలపొడి
కువైట్ చెప్పి అమ్మాన్ మింగేశారు. 1986లో అమ్మాన్‌లో జరిగిన మూడో సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్హ్ (ధర్మశాస్త్ర) అకాడమీ, పంది నుంచి తీసిన జెలటిన్ ఆహారంలో వాడటం ధర్మసమ్మతం కాదంది. మొక్కల నుంచి, జబీహా (ధర్మప్రకారం కోసిన) జంతువుల నుంచి తీసినవి ఉన్నాయి కాబట్టి వాటితో సరిపెట్టుకోవాలంది.

ఉప్పుగని పోలిక కూడా ఇక్కడ నిలవదు. జెలటిన్ ఎలా తీస్తారో చూడండి. పంది చర్మమైతే పలుచని ఆమ్లంలో ఒకటి రెండు రోజులు నానబెడతారు, దాన్ని ఎ రకం అంటారు. పశువుల చర్మం, ఎముకలైతే సున్నపు నీళ్లలో వారాల తరబడి ఉంచుతారు, అది బి రకం. తర్వాత కడిగి, వేడినీళ్లలో విడతలు విడతలుగా ఉడికించి, వడకట్టి, చిక్కబరిచి, ఆరబెట్టి పొడి చేస్తారు. ఇంతా చేస్తే జరిగేది చర్మం, ఎముకల్లోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పేటలు విడిపోయి కొంత తెగిపోవడమే. అమైనో ఆమ్లాల వరుస అలాగే ఉంటుంది. అందుకే పొడిలోని పెప్టైడ్ ముక్కలను పట్టుకుని ఇది పందిదా పశువుదా అని ల్యాబ్ చెప్పగలుగుతోంది. వస్తువు మారిపోయి ఉంటే పాత జంతువు గుర్తు ఎలా దొరుకుతుంది?

మాత్రలమనిషి
ఫిఖ్హ్‌లో తూకం ల్యాబ్ యంత్రం కాదు. పేరు, రుచి, వాసన, రూపం చూస్తారు. శుద్ధి చేసిన జెలటిన్‌లో వీటిలో ఏది మిగిలింది? చర్మాన్ని ఎవరైనా జెలటిన్ అంటారా?

ఎముకలపొడి
ఎముకలు గంటల తరబడి ఉడికించిన రసం చల్లారితే గిన్నెలో వణుకుతూ గడ్డకడుతుందే, అదేమిటి? జెలటినే. వంటింట్లో గిన్నెలో జరిగేదే ఫ్యాక్టరీలో పీపాలో జరుగుతుంది. మరి పంది ఎముకల రసం కూడా తాగొచ్చంటారా?

మాత్రలమనిషి
రసంలో కొవ్వు ఉంది, మాంసం రుచి ఉంది. పోలిక కుదరదు.

ఎముకలపొడి
కొవ్వు తేరేసి, వడకట్టి, ఎండబెడితే కుదురుతుందా?

కిటికీపక్కన
గ్లిజరిన్ సంగతి ఎవరూ ఎత్తరేం? అదీ జంతు కొవ్వు నుంచి రావచ్చు.

మాత్రలమనిషి
ఎ రకమంటే పందేనన్నట్టు రాశారు, అది తప్పు. చేప జెలటిన్ కూడా ఆమ్లంతోనే తీస్తారు. ముందు దాన్ని సరిచేయండి.

ఎముకలపొడి
ఎ రకమంతా పంది అని నేను అనలేదు. పంది చర్మం ఎ రకంగా వస్తుందన్నాను. మళ్లీ చదవండి.

మాత్రలమనిషి
చదివేవాళ్లకు అర్థమయ్యేది వేరు.

తోకచుక్క
ఒక చిట్కా. క్యాప్సూల్ ఖాళీ డొక్కును గది వేడిమిలో ఉన్న నీళ్లలో వేయండి. జెలటిన్ అయితే ఉబ్బి మెత్తబడుతుందే కానీ కరగదు. కరగాలంటే గోరువెచ్చగా ఉండాలి. మొక్కల సెల్యులోజ్‌తో చేసే హెచ్‌పీఎంసీ డొక్కు చాలామటుకు చల్లనీళ్లలోనే కరిగిపోతుంది.

ఎముకలపొడి
పంది జెలటినూ, పశువు జెలటినూ ఒకేలా ఉబ్బుతాయి. ఆ చిట్కాతో ఈ ప్రశ్నకు జవాబు రాదు. పైగా లేబుల్ మీదే జెలటిన్ అని ఉంది కదా!

నూనెదీపం
నేను అడిగింది ఆమ్లం, సున్నం గురించి కాదండీ. రేపు మాత్ర వేసుకోవాలా వద్దా?

మాత్రలమనిషి
వేసుకోవచ్చు ఆపా. కొందరు కొత్త ముస్లింలు తెచ్చే మాంసం మీద అల్లాహ్ పేరు తలిచారో లేదో తెలియదని అడిగితే, మీరే బిస్మిల్లా చెప్పుకుని తినండి అన్నారు దైవప్రవక్త (స). బుఖారీలో ఆయిషా (రజి) ఉల్లేఖనం. కూపీ లాగమనలేదు. వస్తువుల అసలు స్థితి అనుమతే. అనుమానంతో నమ్మకం చెడదు.

ఎముకలపొడి
ఆ హదీసును సగం వరకే వాడుతున్నారు. తెచ్చింది ముస్లింలు. అనుమానం బిస్మిల్లా గురించి, జంతువు గురించి కాదు. ఇక అసలు స్థితి అనుమతే అన్నది పండ్లకు, ధాన్యానికి. మాంసం విషయంలో అసలు స్థితి నిషేధమే, జబహ్ (ధర్మప్రకారం కోత) జరిగిందని తేలాకే హలాల్ అవుతుందని చాలామంది ఫుఖహా (ధర్మశాస్త్ర పండితులు) అన్నారు. జెలటిన్ వచ్చేది చర్మం, ఎముకల నుంచి. ఏ సూత్రం కింద పెడుతున్నారో ముందు తేల్చండి. మీకు ఏ ఫత్వా సుఖంగా ఉంటే అది ఏరుకుంటున్నారు.

మాత్రలమనిషి
ఇదీ అసలు రంగు. ఈ వేదికలో ఏది అడిగినా మీ దగ్గర జవాబు ఒకటే. చీజ్‌లో రెనెట్ (పాలను విరగ్గొట్టే, దూడ పొట్టలోని పదార్థం) హరాం, ఆహారంలో కలిపే ఇ471 హరాం, ఇ120 హరాం. మజూసీల (అగ్నిపూజకుల) నుంచి వచ్చిన చీజ్ సహాబాలు (ప్రవక్త సహచరులు) తిన్నారు. చచ్చిన పశువు రెనెట్ కూడా పాక్ అన్నారు అబూ హనీఫా. ఖురాన్‌లో నహ్ల్ సూరా 116వ ఆయత్ తీసి చూడండి, నోటికొచ్చినట్టు ఇది హలాల్, ఇది హరాం అనవద్దని ఉంది. హలాల్‌ను హరాం అనడమూ పాపమే!

ఎముకలపొడి
ఇ471ను నేనెప్పుడూ హరాం అనలేదు. సోయా, పామ్ నూనెల నుంచీ వస్తుంది, పశువు కొవ్వు నుంచీ వస్తుంది, అడగండి అన్నాను. ఇ120 పురుగుల ఎరుపు, దాని మీద మజ్‌హబ్‌ల తేడా రాశాను. ‘అడగండి’ అంటే మీకు ‘హరాం’ అని ఎందుకు వినిపిస్తోంది?

మాత్రలమనిషి
ఎందుకంటే అడగమనడంతోనే బరువు మోపుతున్నారు కాబట్టి. ఇంటికి సరుకులు తెచ్చే మనిషి ప్రతి డబ్బాకూ ఉత్తరం రాయాలా? హజ్ సూరా చివర్లో, ధర్మంలో మీ మీద ఏ ఇబ్బందీ పెట్టలేదని ఉంది.

ఎముకలపొడి
ఇప్పుడు మాట బయటపడింది. మన గొడవ జెలటిన్ గురించి కాదు. తెలుసుకోగలిగినా తెలుసుకోకుండా ఉండటం చెల్లుతుందా లేదా అన్నదే గొడవ. ఎడారిలో వాకబు చేయలేనివాడికీ, డబ్బా మీదే కంపెనీ చిరునామా ఉన్నవాడికీ ఒకే వెసులుబాటు ఇస్తున్నారు మీరు.

మాత్రలమనిషి
అవును, ఇస్తున్నాను. అడగనివాడు పాపి కాదు. నిషిద్ధమని తెలిసీ తిన్నవాడే పాపి.

ఎముకలపొడి
నేను ఇవ్వను.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. ప్రశ్న అడిగినావిడకు జవాబు రాయండి.

ఎముకలపొడి
ఆపా, ఇలా చేయండి. చుక్కల మందు దొరుకుతోంది కాబట్టి మీకు జరూరత్ (తప్పనిసరి అవసరం) మినహాయింపు పుట్టదు. బఖరా సూరా 173వ ఆయత్‌లో నిస్సహాయుడికి ఇచ్చిన సడలింపు వేరే దారి లేనప్పటికే. డాక్టరునో మందుల షాపులోనో అడిగి మోతాదు సరిచూసుకుని చుక్కలు తీసుకోండి, అందులో ఆల్కహాల్ ఉందేమో కూడా లేబుల్‌లో చూడండి. మందు క్యాప్సూల్‌గానే దొరికితే డొక్కు విప్పి పొడి మింగెయ్యకండి, కొన్ని మందుల పూత కడుపులో కరగకుండా పేగుల్లో కరిగేందుకే వేస్తారు. కంపెనీకి రాస్తే ‘జెలటిన్ హలాలా?’ అని అడగొద్దు, అవును అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. ఏ జంతువు, చర్మమా ఎముకా, జబీహా ధ్రువపత్రం ఉందా, బ్యాచ్ మారితే సరఫరాదారు మారతాడా అని నాలుగూ విడివిడిగా అడగండి. గ్లిజరిన్ మూలం ఐదో ప్రశ్న. కిటికీపక్కన గారు అన్నది నిజమే.

మాత్రలమనిషి
చుక్కలు దొరికితే చుక్కలే మంచివి. అది నేనూ కాదనను. మిగతాది కాదంటున్నాను.

సాదాకాగితం
నేను మొదట్లోనే చెప్పా.

నూనెదీపం
జజాకల్లాహ్. ఒకవేళ ‘పశువు ఎముకల నుంచి’ అని మాత్రమే జవాబు వచ్చి, జబహ్ సంగతి రాయకపోతే?

మాత్రలమనిషి
చచ్చిన జంతువు ఎముక కూడా, దాని మీద జిడ్డు లేకపోతే, హనఫీల దగ్గర పాకే. పందికి మాత్రమే ఈ మినహాయింపు లేదు.

ఎముకలపొడి
షాఫిఈల దగ్గర నజిస్. ఆపా, మీ మజ్‌హబ్ ఏదో ఇంతవరకూ ఎవరమూ అడగనే లేదు.