మూడు అబ్లేషన్ల తర్వాతా ఏఫిబ్ తిరగబెట్టింది. నాలుగోదానికి ఒప్పుకోవాలా?

కృష్ణలంక_వాసి:
నాన్నకి 64 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి, రెండూ మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. ఏఫిబ్ (గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు) 2019లో బయటపడింది. 2021లో మొదటి అబ్లేషన్ (గుండెలోపల కాల్చి తప్పుడు కరెంటుని ఆపే ప్రొసీజర్), 2023లో రెండోది, 2024 నవంబరులో మూడోది. మూడోసారి ఎడమ కర్ణికలో కాల్చి గీతలు కూడా వేశామని రిపోర్టులో రాశారు. ఏడాది బాగానే గడిచింది. రెండు నెలలుగా మళ్లీ వారానికి రెండు మూడుసార్లు దడ వస్తోంది. ఒక్కోసారి గంటలో తగ్గుతుంది, ఒక్కోసారి రాత్రంతా ఉంటుంది. ఎకోలో ఎడమ కర్ణిక 46 మి.మీ., ఈఎఫ్ (గుండె రక్తాన్ని తోసే శక్తి) 55 శాతం. యాంజియోలో బ్లాకులు లేవు. మందులు: రక్తం పలచబడటానికి అపిక్సాబాన్ 5 రెండు పూటలా, గుండె వేగం తగ్గడానికి మెటోప్రొలాల్ 50, లయ నిలవడానికి అమియోడరోన్ 200 (14 నెలలుగా).

నాలుగోసారి చేయిస్తే ఫలితం ఉంటుందా? లయ సరిగా ఉన్న నెలల్లో రక్తం పలచబడే మాత్ర ఆపొచ్చా? దడ వచ్చినప్పుడు ఇంట్లో ఏం చూసుకోవాలి? పేస్‌మేకర్ పెట్టి లోపలి కరెంటు తీగ తెంచేస్తారని ఒకరు చెప్పారు, అదేంటి?

ఈపీ_ల్యాబ్:
నాలుగోదాని మాట తర్వాత. ఇప్పుడు వస్తున్నది ఏఫిబ్బేనా? దడ ఉండగా తీసిన 12 లీడ్ల (గుండెని 12 కోణాల నుంచి చూసే) ఈసీజీ ఉందా? లేకపోతే మొదటి పని అదే.

ఎందుకంటే గీతలు వేసిన కర్ణికలో తిరగబెట్టేది చాలాసార్లు ఫ్లట్టర్. కాల్చిన గీతలో ఎక్కడో సన్నని సందు మిగిలితే కరెంటు అందులోంచి దూరి, మైట్రల్ కవాటం చుట్టూనో కర్ణిక పైకప్పు మీదుగానో గుండ్రంగా తిరుగుతుంది. చేత్తో నాడి పట్టినా కొంత తెలుస్తుంది. ఏఫిబ్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఏ రెండూ ఒకలా ఉండవు. ఫ్లట్టర్ గడియారంలా కొట్టుకుంటుంది. మామూలుగా నిమిషానికి 150 దగ్గర, అమియోడరోన్ మీదున్నవాళ్లలో ఇంకా కిందే, ఒక అంకెకి అతుక్కుపోతుంది. మంచం మీద పడుకుని అరగంటైనా అదే అంకె. తగ్గితే మెట్టు దిగినట్టు ఒక్కసారిగా దిగుతుంది. కానీ ఫ్లట్టర్ కూడా అప్పుడప్పుడూ ఎగుడుదిగుడుగా తగులుతుంది కాబట్టి వేలిని నమ్ముకుని తీర్పు చెప్పకూడదు, కాయితం మీద గీత కావాలి. ఒకే వలయం తిరుగుతున్న ఫ్లట్టర్ అని తేలితే నాలుగోసారి వెళ్లడంలో అర్థం ఉంది. ఎక్కడ తెంచాలో గుండెలోపలి కరెంటు మ్యాపులో కనిపిస్తుంది.

నిజంగా ఏఫిబ్బే అయితే లెక్క వేరు. ఏఫిబ్‌ని రగిల్చే కరెంటు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరల మూతుల దగ్గర పుడుతుందని 1998లో బోర్డో నగరంలో హైసాగెర్ బృందం చూపించింది. అప్పటినుంచీ అబ్లేషన్ అంటే ఆ నాలుగు సిరల చుట్టూ కంచె కట్టడమే. కాల్చినచోట కణం చస్తే కంచె నిలుస్తుంది. వాచి సొమ్మసిల్లితే కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. కంచెలో ఒక్క కర్ర ఊడితే చాలు, మేక దూరడానికి. (మొదటి రెండు మూడు నెలల్లో వచ్చే దడని ఫెయిలైనట్టు లెక్కెయ్యకపోవడానికీ ఈ వాపే కారణం. మీ నాన్నగారు ఆ గడువు ఎప్పుడో దాటారు.)

కాబట్టి మూడో ప్రొసీజర్ రిపోర్టు తీసి ఒక్క వాక్యం వెతకండి: లోపలికి వెళ్లి చూసినప్పుడు సిరలు మూసే ఉన్నాయా, తెరుచుకున్నాయా? తెరుచుకుని ఉంటే ఆ సందులు మూయించడం దండగ కాదు. నాలుగూ మూసే ఉన్నా ఏఫిబ్ వస్తోందంటే జబ్బు కర్ణిక గోడలోకి పాకిందని అనుమానించాలి. అప్పుడు ఇంకా ఇంకా కాల్చడం వల్ల ఒరిగేది తక్కువ. ఎడతెగని ఏఫిబ్‌లో సిరలతోపాటు అదనపు గీతలు వేసినా లాభం కనపడలేదని 2015లో స్టార్ ఏఎఫ్-2 అధ్యయనం తేల్చింది. వెనక గోడను కూడా వేరుచేసినా అంతేనని 2023లో కాప్లా అధ్యయనం తేల్చింది. రెండూ మొదటిసారి అబ్లేషన్ చేయించుకున్నవాళ్ల మీద చేసినవే, అయినా ఆ గుణపాఠం ఇక్కడా పనికొస్తుంది.

మందుల_చీటీ:
ఈపీ_ల్యాబ్ గారు చెప్పిన ఈసీజీతోపాటు అదే రోజు థైరాయిడ్ పరీక్ష (టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4) చేయించండి. 200 మి.గ్రా. అమియోడరోన్ మాత్రలో దాదాపు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. ఒంటికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. ఏడాది పైగా వాడాక థైరాయిడ్ మందగించవచ్చు, రెచ్చిపోనూ వచ్చు. రెచ్చిపోతే బయటికి కనిపించే మొదటి గుర్తు చాలాసార్లు ఇదే: సద్దుమణిగిన ఏఫిబ్ ఉన్నట్టుండి తిరగబెట్టడం. చెమటలు, చేతుల వణుకు మెటోప్రొలాల్ చాటున దాక్కుంటాయి. అది చూడకుండా నాలుగోసారి టేబుల్ ఎక్కించడం తప్పు. ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు ఎలాగూ ఉండాలి. కొత్తగా పొడిదగ్గు, ఆయాసం మొదలైతే ఊపిరితిత్తులు చూపించాలి. ఈ మందు ఆపినా నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

అపిక్సాబాన్ ఆపకూడదు. ఆ మాత్ర ఉండాలా వద్దా అన్నది లయ చెప్పదు, పక్షవాతం ముప్పుని లెక్కకట్టే స్కోరు చెబుతుంది. బీపీకి 1, షుగరుకి 1, అప్పుడే 2 అయింది, మాత్ర ఉండాలనడానికి అది చాలు. 65 నిండగానే ఇంకొకటి. పైగా దడ తెలియకుండా నడిచే ఏఫిబ్ కూడా ఉంటుంది, అబ్లేషన్ తర్వాత అది ఇంకా ఎక్కువ. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతది మామూలు వేళకే. రెండు కలిపి వేసుకోవద్దు. ముసలాయన కదా అని 2.5కి తగ్గించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. 80 ఏళ్లు నిండటం, 60 కిలోలు లేదా లోపు బరువు, క్రియాటినిన్ 1.5 లేదా పైన, ఈ మూడింటిలో రెండుంటేనే ఆ డోసు.

నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు. ముక్కు దిబ్బడకి ఇచ్చే జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, అదీ దడ రేపుతుంది.

ఈ దారం చదివే మిగతావాళ్లకి ఒక మాట: చిన్నప్పటి కీళ్లజ్వరంతో మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవాళ్లకీ, లోహపు కవాటం పెట్టినవాళ్లకీ ఇదంతా వర్తించదు. వాళ్లకి ఎసిట్రామ్, వార్ఫరిన్ లాంటివే, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూసుకుంటూ.

కృష్ణలంక_వాసి:
రిపోర్టులో నాలుగు సిరలూ మూసే ఉన్నాయని ఉంది. దడప్పుడు తీసిన 12 లీడ్లది లేదు, వాచీ మాత్రం ఏఫిబ్ అని చూపిస్తోంది. థైరాయిడ్ చూసి ఏడాది దాటింది. బరువు 88 కిలోలు, ఎత్తు 168 సెం.మీ. గురక గట్టిగానే. ఆదివారాలు రెండు పెగ్గులు.

నాడిపట్టు:
అయితే సగం జవాబు మీ చివరి మూడు వాక్యాల్లోనే ఉంది.

గురకకి నిద్ర పరీక్ష చేయించండి. నిద్రలో ఊపిరి ఆగిన ప్రతిసారీ ఛాతీలో పీడనం కర్ణికని సాగదీస్తుంది, ఆక్సిజన్ పడిపోతుంది. దానికి మందు చూడకుండా చేసిన అబ్లేషన్లు ఎక్కువగా తిరగబెడతాయి. బరువులో పదో వంతు, అంటే మీ లెక్కన 9 కిలోలు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లలో ఏఫిబ్ బాగా తగ్గిందని అడిలైడ్‌లో చేసిన లెగసీ అధ్యయనం (2015) చూపించింది. తగ్గి మళ్లీ పెరిగినవాళ్లకి ఆ లాభం కొంత పోయింది. పెగ్గులు రెండే కదా అనుకోవద్దు, బాగా తాగే అలవాటున్నవాళ్లు మానేస్తే ఏఫిబ్ తగ్గుతుందని 2020లో ఆస్ట్రేలియా ట్రయల్ తేల్చింది.

ఇక ఇంట్లో చూసుకోవాల్సింది. వాచీ పెట్టే పేరు మీద ఆధారపడకండి, అది దాచే 30 సెకన్ల గీతని పీడీఎఫ్‌గా డాక్టరుకి పంపండి. తీసేటప్పుడు మోచేతులు బల్లకి ఆనించాలి, మాట్లాడకూడదు. అయినా అది ఒక్క లీడే. దడ ఎక్కువసేపుండే రోజున దగ్గర్లోని ల్యాబ్‌కి వెళ్లి 12 లీడ్లది తీయించండి, ఏ చిన్న క్లినిక్ అయినా సరిపోతుంది.

బీపీ మిషను, వేలి ఆక్సీమీటరు ఏఫిబ్‌లో గుండె వేగాన్ని తక్కువ చూపిస్తాయి. బలహీనమైన దెబ్బలు మణికట్టుదాకా చేరవు. ఒకరు స్టెతస్కోపు గుండె మీద పెట్టి, ఇంకొకరు మణికట్టు పట్టి, ఒకే నిమిషం లెక్కపెడితే గుండె దగ్గర 130, చేతి దగ్గర 105 రావచ్చు. 130నే రాసుకోవాలి. బీపీ మూడుసార్లు చూసి సగటు తీయండి.

కూర్చుని ఉండగా గుండె వేగం 110 లోపు ఉండి, ఆయాసం లేకపోతే ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండొచ్చు. విరేచనాలు, జ్వరం ఉంటే ముందు వాటి సంగతి చూడండి, పొటాషియం పడిపోతే దడ ఆగదు. దడ వచ్చినప్పుడు మెటోప్రొలాల్ అదనంగా ఎంత వేసుకోవచ్చో డాక్టరు చేత ముందే చీటీ మీద రాయించుకోండి. సొంతంగా వద్దు.

స్పృహ తప్పడం, గుండె నొప్పి, వెల్లకిలా పడుకోలేనంత ఆయాసం, పై బీపీ 90 లోపు, విశ్రాంతిలో గుండె వేగం 150 దాటి తగ్గకపోవడం: వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా నిమిషం ఆగొద్దు. అపిక్సాబాన్ చివరిసారి ఎన్నింటికి వేసుకున్నారో అక్కడ చెప్పాలి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. దడ ఆగిన క్షణంలో కళ్లు తిరుగుతుంటే అది వేరే సంగతి. ఏఫిబ్ ఆగి మామూలు లయ మొదలయ్యేలోపు గుండె మూడు నాలుగు సెకన్లు ఆగుతుండవచ్చు. హోల్టర్ (రోజంతా ఒంటి మీద ఉండి ఈసీజీ తీసే మిషను) పెట్టించి చూడాలి.

ఈపీ_ల్యాబ్:
సిరలు మూసే ఉన్నాయంటే నా మొగ్గు ఇటు: ముందు థైరాయిడ్, నిద్ర పరీక్ష, 12 లీడ్లు. ఫ్లట్టర్ అయితే నాలుగోసారి వెళ్లండి. ఏఫిబ్ అయితే మందు మార్చి చూడొచ్చు. బ్లాకులు లేవు, ఈఎఫ్ బాగుంది కాబట్టి ఫ్లెకైనైడ్ అనే లయ మందు ఆలోచించదగ్గదే, అయితే మెటోప్రొలాల్ తోడు లేకుండా ఇవ్వరు. ఫ్లెకైనైడ్ ఏఫిబ్‌ని నెమ్మది ఫ్లట్టర్‌గా మారిస్తే ప్రతి దెబ్బా కిందికి దిగి వేగం 200 దాటవచ్చు. కొత్త పల్స్‌డ్ ఫీల్డ్ మిషను (కాల్చకుండా కరెంటు దెబ్బలతో కణాన్ని చంపేది) వచ్చింది కదా అని మాత్రం నాలుగోదానికి వెళ్లకండి. అన్నవాహిక, నరాలకి ముప్పు తక్కువే, కానీ 2023 అడ్వెంట్ ట్రయల్‌లో ఫలితం పాత పద్ధతులతో సమానంగా నిలిచిందంతే, మించలేదు.

మీరడిగిన తీగ తెంచడం అంటే ఏవీ నోడ్ అబ్లేషన్. ముందు పేస్‌మేకర్ పెట్టి, సాధారణంగా వైరు కుదురుకోవడానికి కొన్ని వారాలాగి, తర్వాత కర్ణికల నుంచి కిందికి దిగే దారి మూసేస్తారు. పైన ఏఫిబ్ నడుస్తూనే ఉంటుంది, కింద జఠరికలు పేస్‌మేకర్ చెప్పినట్టు కొట్టుకుంటాయి. దడ పోతుంది, వేగం కోసం వాడే మందులూ ఆపొచ్చు. అపిక్సాబాన్ ఆపకూడదు. వెనక్కి తీసుకోలేని పని ఇది, ఆపైన మనిషి పేస్‌మేకర్ మీదే ఆధారపడతాడు. మొదటి కొన్ని వారాలు వేగం 80-90 దగ్గర ఉంచుతారు. ఒక్కసారిగా 60కి దించితే ప్రమాదకరమైన లయలు రావచ్చు. వైరు ఎక్కడ పెడుతున్నారో అడగండి. కుడి జఠరిక కొసలో పెట్టి ఏళ్ల తరబడి పేస్ చేస్తే కొందరిలో గుండె బలహీనపడుతుంది, అందుకే ఎడమ బండిల్ (ఎడమ జఠరికకి కరెంటు మోసే సహజమైన తీగ) దగ్గర పెట్టడమో, రెండు జఠరికల్నీ కలిపి పేస్ చేయడమో మేలు. ఈఎఫ్ 55 ఉన్న 64 ఏళ్ల మనిషికి ఇది ఇప్పుడే అక్కర్లేదు, మిగతావన్నీ అయ్యాక.

నాలుగోదే ఖాయమైతే ఒకటి రాసి ఫ్రిజ్‌కి అతికించుకోండి. ప్రొసీజరయ్యాక రెండు నెలల్లోపు జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి చెయ్యి పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా ఊళ్లో జ్వరం మాత్రతో సరిపెట్టకూడదు. అన్నవాహికకీ గుండెకీ మధ్య రంధ్రం పడి ఉండొచ్చు. అరుదు, కానీ ప్రాణాంతకం. వెంటనే అబ్లేషన్ చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లి కాంట్రాస్ట్‌తో ఛాతీ సీటీ తీయించాలి. ఎండోస్కోపీ మాత్రం చేయనివ్వకండి. అందులో ఊదే గాలి ఆ రంధ్రంలోంచి గుండెలోకి, అక్కణ్నుంచి మెదడుకి పోతుంది.