థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ తొలి ఆల్బమ్: నిజంగా అంత గొప్పదా, లేక జాలి మార్కులా?

బొబ్బిలిబేస్:
1966లో థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అనే టెక్సస్ రాక్ బ్యాండ్ కుర్రాళ్ళు చేసిన ‘ద సైకెడెలిక్ సౌండ్స్ ఆఫ్ ద థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్’ గురించి ఏ రివ్యూ తీసినా ఆకాశానికెత్తేస్తున్నారు. వచ్చినప్పుడు ఈ పెద్దమనుషులంతా ఎక్కడున్నారండీ? ‘యూ ఆర్ గొన్నా మిస్ మీ’ సింగిల్ అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో 55వ స్థానం దాకా ఎక్కి ఆగిపోయింది. ఆ ఒక్కటీ పక్కన పెడితే మిగతాదంతా బురద. పైగా పాట పాటకీ వాయిద్యంలా వాడిన ఆ జగ్గు బుడబుడ, తలనొప్పి.

ఓరుగల్లువినైల్:
అన్నా, 1966ల రివ్యూలు రాసేటోళ్ళు ఎంతమంది ఉన్నరు? ‘క్రాడాడీ’ అనే రాక్ పత్రిక ఆ ఏడాదే మొదలైంది. ‘రోలింగ్ స్టోన్’ 1967 నవంబర్‌ల గాని రాలే. రాక్ ఆల్బమ్‌ని కూసొని విని రాసుడనే పనే అప్పుడప్పుడే పుడుతున్నది. 1972ల లెన్నీ కే అనే రాక్ రచయిత ‘నగ్గెట్స్’ అని డబుల్ ఎల్పీ కూర్చి, గిసొంటి మరుగునపడ్డ బ్యాండ్ల నడుమ ‘యూ ఆర్ గొన్నా మిస్ మీ’ని పెట్టిండు. దాంతోటి వచ్చిన రాతల్ల ‘పంక్ రాక్’ అన్న మాట వాడిండు. గ్యారేజ్ బ్యాండ్లను, అంటే ఇంటి షెడ్లల వాయించుకునే మోటు రాక్ కుర్రాళ్ళను, చూసే చూపు ఆడికెళ్ళి మారింది. లేటయింది నిజమే, గని దొంగ మెచ్చుకోలు కాదు.

ఇగ జగ్గు సంగతి. బ్యాండ్‌ల టామీ హాల్ దాని మూతి కాడ మైకు పట్టుకొని, గొంతుతోని శబ్దం జేసేటోడు. పైన స్టేసీ సదర్లాండ్ గిటార్ రివర్బ్‌ల (గుయ్యిమనే ప్రతిధ్వనిల) తేలుతుంటే కింద అది ఆగకుంట పొర్లుతుంటది. అది తీసేసినవనుకో, మంచి గ్యారేజ్ బ్యాండ్ ఒకటి మిగుల్తది. అంతే.

సందేహాలసుబ్బు:
అంటే మన ఘటం లాంటిదా గురూ?

ఓరుగల్లువినైల్:
కాదు తమ్మీ. ఘటాన్ని వేళ్ళతోని వాయిస్తరు, అది లయకు. ఇది నోటితోని.

బొబ్బిలిబేస్:
నేను బేస్ వాయించినవాణ్ణి. బేస్ తిరగాల్సిన చోట ఆ బుడబుడ వచ్చి కూర్చుంటే రికార్డింగ్ బురదవక ఏమవుతుంది? మా అబ్బాయి విని ‘నాన్నా, మోటారు పాడైందా?’ అన్నాడు.

పాతరికార్డు:
విన్నది మోనో మిక్సా, స్టీరియో మిక్సా? స్టీరియో అయితే అసలు రికార్డు విననట్టే, ఈ గొడవే దండగ.

బొబ్బిలిబేస్:
ఫోన్‌లో విన్నాను. ఏదో ఒకటి.

పాతరికార్డు:
దండం.

ఓరుగల్లువినైల్:
ఫోన్ స్పీకర్ల విని బేస్ వినబడ్తలేదని పంచాయితీ పెడ్తివి! పొద్దటిసంది జగ్గు జగ్గు అంటున్నవ్ గని, నీ కోపం జగ్గు మీద కాదు. ఎవడన్న మెచ్చుకుంటే ఓర్వలేవు, గంతే.

బొబ్బిలిబేస్:
నోరు జారకండి. ఓర్వలేనిది ఎవరినో చెప్తా వినండి. ఈ బ్యాండ్ పాటగాడు రాకీ ఎరిక్సన్, అంత గొంతున్నవాడు. 1969లో ఒక్క గంజాయి సిగరెట్టు దొరికిందని పట్టుకున్నారు. జైలు తప్పుతుందని మతిస్థిమితం లేదని ఒప్పుకుంటే, రస్క్ పిచ్చాసుపత్రిలో 1972 దాకా ఉంచారు. ఇప్పుడు ఆల్బమ్ మీద రాసే ప్రతివాడూ ఆ ఆసుపత్రితోనే మొదలెడతాడు. అప్పటికి మూడేళ్ళ ముందు చేసిన పాటకి ఆ ఆసుపత్రితో ఏం పని? పాట విని రాస్తున్నారా, కష్టం చూసి మార్కులేస్తున్నారా?

మా బ్యాండ్‌లో పాడేవాడు ఒకడుండేవాడు. బతికున్నన్నాళ్ళూ క్యాసెట్ పట్టుకుని ఒక పత్రిక చుట్టూ తిరిగాడు, నాలుగు వాక్యాలు రాయండి చాలని. రాయలేదు. పోయాక అరపేజీ వేశారు, ‘అకాలంలో రాలిన గొంతు’ అని. అందులో ఒక్క పాట పేరు లేదు. వాళ్ళు క్యాసెట్ విన్నారని నేను ఇప్పటికీ నమ్మను.

సందేహాలసుబ్బు:
అయ్యో.

ఓరుగల్లువినైల్:
గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా అన్నా. వినకుంట రాసినోణ్ణి నేను గూడ తిడ్త. గని రాకీ కథ వేరే. ఆ లేటు మెచ్చుకోలు ఆయన బతికుండంగనే అందింది. 1990ల ఆర్.ఇ.ఎం., జెడ్‌జెడ్ టాప్ అసొంటోళ్ళు ఆయన పాటలు పాడి ఒక ఆల్బమే తెచ్చిన్రు. 2015ల టెక్సస్‌ల ఆస్టిన్‌ల ఒక సంగీత పండుగల ఎలివేటర్స్ మళ్ళ స్టేజి ఎక్కిన్రు, జగ్గుతోని టామీ హాల్ సుత. ఆ పండుగ పేరు ‘లెవిటేషన్’, అది వీళ్ళ పాట పేరే. రాకీ పోయింది 2019ల. రాసేటోళ్ళు ఎవ్వరు రాయకుంటే ఆ జనం యాడికెళ్ళి వస్తరు?

బొబ్బిలిబేస్:
సదర్లాండ్ 1978లోనే పోయాడుగా. ఆ గిటార్‌ని పొద్దున మీరే పొగిడారు. ఆయన కోసం ఎవరు వచ్చారు? 49 ఏళ్ళ తర్వాత కొట్టిన చప్పట్లని విమర్శ అనకండి, నేనొప్పుకోను.

ఓరుగల్లువినైల్:
ఒప్పుకోకు. మోనో మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకొని ఒకసారి విను.

సందేహాలసుబ్బు:
ఇంతకీ జగ్గు గోల తక్కువుండే పాట ఏదో చెప్పండి, దాంతో మొదలెడతా.

బొబ్బిలిబేస్:
‘స్ప్లాష్ 1’. అది బాగానే ఉంటుంది.