మావయ్యగారికి మెడ రక్తనాళం 75 శాతం మూసుకుపోయిందట, రథయాత్ర దాకా ఆగొచ్చా?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ నమస్కారం. మా మావయ్యగారికి 71 ఏళ్ళు. బీపీ ఉంది, చుట్ట అలవాటూ ఉంది. పోయిన శుక్రవారం పేపరు చదువుతుంటే ఎడమ కంటికి పైనుంచి తెర దించినట్టు చీకటి కమ్మిందట. కాసేపటికి మామూలైపోయింది. శుక్లమేమోనని శ్రీకాకుళంలో కంటి డాక్టరుకి చూపిస్తే, కన్ను బాగానే ఉంది, మెడకి డాప్లర్ (రక్తం పారుతున్న తీరు చూసే స్కాన్) తీయించండి అన్నారు. ఎడమ ఇంటర్నల్ కెరోటిడ్ (మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం) 75 శాతం ఇరుకైందని రిపోర్టు వచ్చింది. మాత్రలు రాసి, ఆపరేషన్ సంగతి మాట్లాడటానికి వెంటనే విశాఖ వెళ్ళమన్నారు. మావయ్యేమో "కన్ను కనిపిస్తోంది కదా, గొంతు మీద కత్తి పెట్టనిస్తానా? రథయాత్ర అయ్యాక చూద్దాం" అంటున్నారు. దానికి ఇంకా నెల పైనే ఉంది. మా ఆడపడుచు మెడకి నూనె మర్దన చేయిస్తే రక్తం ఆడుతుందంటోంది. కంటికీ మెడకీ సంబంధం ఏమిటో ఆయనకి ఎలా చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

గుణుపురం సిస్టర్:
చెల్లీ, నేను పుట్టింది గుణుపురంలో, పనిచేసేది విశాఖలో న్యూరో వార్డులో. ముందు ఆ మర్దన ఆపించు. మంగలి షాపులో మెడ విరిపించుకోవడం కూడా వద్దు. ఇరుకైన చోట కొవ్వు పేరుకుని ఉంటుంది, దాన్ని నొక్కకూడదు.

కంటి సంగతి ఆయనకి ఇలా చెప్పు. మెడలో రెండు వైపులా ఒక్కో పెద్ద రక్తనాళం పైకి వెళ్తుంది. దవడ మూల కింద అది రెండుగా చీలుతుంది. ఒకటి ముఖానికి, ఇంకొకటి మెదడుకి. కొవ్వు ఎక్కువగా చేరేది సరిగ్గా ఆ చీలిక దగ్గరే. బీపీ, షుగరు, పొగాకు దాన్ని పెంచుతాయి. మెదడుకి వెళ్ళే నాళం నుంచే అదే వైపు కంటికి ఒక కొమ్మ వెళ్తుంది. పేరుకున్న కొవ్వు పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి, చిన్న ముక్క ఊడి పైకి పోతుంది. ఆ ముక్క కంటిలోకి వెళ్ళి కరిగిపోతే చూపు పోయి వస్తుంది. మెదడులోకి వెళ్ళి ఇరుక్కుంటే పక్షవాతం. ఆయనది ఎడమ నాళం కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు, చాలామందికి మాట కూడా పోతాయి. చూపు తిరిగొచ్చినంత మాత్రాన మెడలో ఉన్నది పోలేదు. నాకు భయం వేసేది అందుకే.

మెదడుకి లక్షణాలు వచ్చినవాళ్ళతో పోలిస్తే కంటికి మాత్రమే వచ్చినవాళ్ళకి ముప్పు కొంత తక్కువే. కానీ తక్కువంటే లేదని కాదు. 1991లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. లక్షణాలు వచ్చి, 70 శాతం దాటి ఇరుకైనవాళ్ళలో మందులు మాత్రమే వాడితే రెండేళ్ళలో 100కి 26 మందికి ఆ వైపు స్ట్రోక్ (పక్షవాతం) వచ్చింది. నాళం కోసి ఆ కొవ్వు తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో 9 మందికి. ఇప్పటి మందులు అప్పటికన్నా మెరుగు, అయినా 75 శాతానికి ఆపరేషన్ గురించి అడగాల్సిందే. అదీ లక్షణం కనిపించిన రెండు వారాల లోపైతే ఎక్కువ మేలు. ముప్పు మొదటి రోజుల్లోనే ఎక్కువ. రథయాత్ర దాకా ఆగడం నాకు అస్సలు ఇష్టం లేదు.

జయపురం శ్రీను:
మా బాబుకి ఒక వైపు పూర్తిగా 100 శాతం మూసుకుపోయింది. డాక్టర్లు ఆపరేషనే వద్దన్నారు. మాత్రలతో బాగానే తిరుగుతున్నాడు. మరి 75కే ఇంత హడావుడి ఎందుకు?

గుణుపురం సిస్టర్:
శ్రీను గారూ, ఆ రెండూ వేరు. పూర్తిగా మూసుకుపోయిన నాళాన్ని సాధారణంగా తెరవరు. మెదడు అడుగున రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి, మీ నాన్నగారికి అవతలి వైపు నుంచి రక్తం అందుతోందన్నమాట. 75 దగ్గర ఇంకా రక్తం పారుతోంది కాబట్టి ముక్కలు ఊడి పైకి పోయే దారి తెరిచే ఉంటుంది. మీ నాన్నగారి మాత్రలు మాత్రం ఆపకండి.

పర్లాకిమిడి కోడలు:
సిస్టర్, ఇదంతా మావయ్యకి చదివి వినిపించాను. కొంచెం మెత్తబడ్డారు. కోత లేకుండా స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయించుకుంటానంటున్నారు. ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ మాకు పనికొస్తుందా?

గుణుపురం సిస్టర్:
ఆరోగ్యశ్రీ ఆంధ్రా వాళ్ళకే. మీ ఒడిశా కార్డు తీసుకుంటారో లేదో బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి అడుగు. 70 ఏళ్ళు దాటినవాళ్ళలో స్టెంట్‌ కన్నా ఆపరేషన్‌తోనే స్ట్రోక్ ముప్పు తక్కువ. కాకపోతే గుండె పరిస్థితి చూసి డాక్టరే తేల్చాలి. సర్జన్ని మొహమాటపడకుండా అడుగు: ఇలాంటివి ఎన్ని చేశారు, ఎంతమందికి చేసినప్పుడు స్ట్రోక్ వచ్చింది, ఎంతమంది పోయారు అని. ఆ రెండూ కలిపి 100కి 6 దాటకూడదని వైద్యుల నియమం. చెప్పడానికి ఇష్టపడని చోట నేనైతే చేయించను.

ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర రాశారా? ఒక్క పూట కూడా మానకూడదు. చుట్ట ఈ రోజే మాన్పించు. మీ అత్తగారు అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతుంటే ఆవిడకీ చెప్పు, మన వైపు పెద్దావిడలు దాన్ని పొగాకు కిందే లెక్కపెట్టరు.

ఈలోగా మూతి వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా టైమ్ చూసి 108కి ఫోన్ చెయ్యి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పసరు మందులు, పావురం రక్తం రుద్దడం అంటూ ఆ టైమంతా పోగొట్టుకుని వచ్చినవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అది రక్తస్రావమో గడ్డో స్కాన్‌లోనే తెలుస్తుంది, అందుకని అప్పుడు ఇంట్లో ఆస్పిరిన్ వెయ్యొద్దు.

పర్లాకిమిడి కోడలు:
రెండు మాత్రలూ రాశారు, వేసుకుంటున్నారు. మా ఆయన సెలవు పెట్టారు. రేపు గుణుపురం-విశాఖ పాసింజరుకి బయలుదేరుతున్నాం.

గుణుపురం సిస్టర్:
డాప్లర్ ఫిల్ములు కూడా పట్టుకురా, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. సీటీ యాంజియో (రంగు మందు ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్) అడుగుతారు, కాబట్టి కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ఇటీవల చేయించి ఉంటే ఆ కాగితమూ తెచ్చుకో. బీపీ మాత్ర పొద్దున్నే వేయించి మరీ రైలెక్కించు.