కన్యాశుల్కం రెండు గంటల్లో ఆడొచ్చా?

తెరచాటు:
మా యూనివర్సిటీ థియేటర్ డిపార్ట్‌మెంట్ ఈ ఏడాది ఆడే నాటకాల పట్టిక వచ్చింది. నాలుగున్నాయి. విద్యార్థులు రాసుకున్నది ఒకటి, షేక్‌స్పియర్ అనువాదం ఒకటి, పద్యనాటకం నుంచి రాయబారం ఘట్టం, ఆఖరున గురజాడ అప్పారావు కన్యాశుల్కం. మొదటి మూడింటితో నాకు పేచీ లేదు. కన్యాశుల్కం పక్కన "నిడివి: రెండు గంటలు" అని వేశారు. అది చూడగానే కడుపు మండింది.

ఏడంకాల నాటకం, పూర్తిగా ఆడితే తెల్లారిపోతుంది. నాటక పరిషత్తుల పోటీల్లో గడియారం పెట్టుకుని కూర్చుంటారు కాబట్టి అక్కడ కుదించక తప్పదు. టికెట్ పెట్టి ఆడే నాటక సమాజాలకు జనం లేచిపోతారన్న భయం ఉంటుంది. ఈ రెండు బెడదలూ లేని చోటు యూనివర్సిటీ ఒక్కటే. అక్కడా రెండు గంటలేనా? మూడు సాయంత్రాలు ఆడితే ఏం పోయింది?

రిటైర్డ్ రామప్ప:
నలభై ఏళ్లు పరిషత్తుల్లో వేషాలు కట్టినవాణ్ణి. కుదించడం మహాపాపమేమీ కాదు బాబూ. జె.వి.రమణమూర్తి గారు దశాబ్దాల తరబడి గిరీశం వేషం వేసింది కుదించిన ప్రతితోనే. ఆయన అన్నగారు సోమయాజులుది రామప్పపంతులు వేషం. వాళ్లిద్దరూ స్టేజీ మీదుంటే ఏ సీను పోయిందో లెక్కపెట్టే తీరిక ఎవరికుంటుంది?

పైగా గురజాడ వారే తన నాటకాన్ని కదపకుండా ఉంచలేదు. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చేశారు, 1909 వచ్చేసరికి దాదాపు కొత్త నాటకం చేసేశారు. రాసినాయనే అంత తిరగరాసుకుంటే, ఇంకొకరు కత్తెర పట్టుకోగానే ఈ గగ్గోలెందుకు?

తెరచాటు:
మాస్టారూ, ఐదంకాలని ఏడు చేశారాయన. పెంచినాయన్ని తెచ్చి కత్తెరకు సాక్ష్యం పెడితే ఎలా :)

ఎంపీఏ రెండో ఏడు:
నేను ఈ నాటకంలోనే ఉన్నాను, కాబట్టి లోపలి సంగతి చెప్తాను. బ్యాచ్‌లో పద్నాలుగు మందిమి, అందులో ఆరుగురం అమ్మాయిలం. ప్రొడక్షన్‌కి మార్కులుంటాయి గనుక ప్రతి ఒక్కరికీ వేషం కావాలి. ఆడిటోరియం ఒక్కటే. పగలంతా ఎవరివో సెమినార్లు, మాకు సాయంత్రం ఆరు తర్వాతే తాళం ఇస్తారు. తొమ్మిదికి వాచ్‌మన్ వచ్చి తలుపు దగ్గర దగ్గుతాడు. ఆ మూడు గంటల్లోనే నాలుగు నాటకాల రిహార్సల్స్. మూడు సాయంత్రాల కన్యాశుల్కం అంటే మిగతా మూడూ ఎత్తేయాల్సిందే. విద్యార్థులు రాసిన నాటకం ఎత్తేసి 1909 నాటకం ఆడదామా? నేనైతే ఒప్పుకోను.

పాలమూరు పిల్ల:
నిడివి సంగతి మీరు తేల్చుకోండి, నా టెన్షన్ యాసతో. మాది నారాయణపేట వైపు. పోయినేడు ఇదే నాటకం క్లాసులో చదివితే, నేను నోరు తెరిచినప్పుడల్లా "విజయనగరం, విజయనగరం" అని ఆపేవాళ్లు. గురజాడ వాడుక భాష కోసం 1914లో మద్రాసు యూనివర్సిటీకే అసమ్మతి పత్రం రాసిచ్చిన మనిషి. ఆయన నాటకాన్ని నేను అరువు యాసలో అప్పజెప్పాల్నా?

రిటైర్డ్ రామప్ప:
తల్లీ, నీ బాధ న్యాయమే. కానీ ఆ నాటకంలో అందరిదీ ఒకటే మాట కాదు. అగ్నిహోత్రావధాన్లు కోప్పడే తీరు వేరు, సారా దుకాణం దగ్గర హవల్దారు మాట వేరు, గిరీశం ఇంగ్లీషు కలిపి కొట్టే గొప్పలు వేరు. అన్నింటినీ ఒకే యాసలోకి దించేస్తే ఈ తేడాలన్నీ పోతాయి. అది పాలమూరు యాస అయినా, మా గుంటూరు యాస అయినా.

పాలమూరు పిల్ల:
సరే సార్, మరి బైరాగి వేషం నాకియ్యమనండి. ఊళ్లు పట్టి తిరిగేటోడు, ఆయనది ఏ ఊరో ఎవరికెరుక?

లైట్లు-సౌండు:
ఈ రెండు గంటల స్క్రిప్టుకు క్యూ షీటు (ఏ మాటకు ఏ లైటు, ఏ సౌండు అన్న పట్టిక) రాస్తున్నది నేనే. నా దగ్గరున్న కాగితాల లెక్క చెప్తా. మొదటి అంకానికే ముప్పావుగంట. మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పపంతులు, అతని వెనకాలే గిరీశం, చీపురుతో పూటకూళ్లమ్మ, ఇంటి బయట దాకా తరుముడు. ఒక్క దెబ్బ కూడా తగ్గించలేదు. నేనూ పడీపడీ నవ్వాను.

మీనాక్షి పేరున ఒక్క లైట్ క్యూ కూడా లేదు. తీసేశారు. లుబ్ధావధాన్లు వితంతు కూతురు, రామప్పపంతులు పెళ్లాడతానని ఆశపెట్టి తప్పించుకున్న మనిషి. ఆవిడ లేని నాటకంలో పంతులు చీపురు దెబ్బలు తినే కోతి. నవ్వుకుని ఇంటికెళ్లిపోవచ్చు. అతను ఎంత దుర్మార్గుడో చెప్పడానికి ఇంకెవరూ మిగల్లేదు. వేషాలు చాలట్లేదన్న బ్యాచ్ మీనాక్షిని ఎలా వదులుకుంది?

ఎంపీఏ రెండో ఏడు:
దాచడమెందుకు, గిరీశం కోసమే. 1955 సినిమాలో ఎన్టీఆర్‌ని చూసినవాళ్లు ఆ సరదా కోసమే వస్తారని మేమే అనుకున్నాం. మీనాక్షి సీను చదివిన రోజు రూమంతా చప్పబడిపోయింది. "డల్‌గా ఉంది, తీసేద్దాం" అన్నదాన్ని నేనే.

తెరచాటు:
మూడు సాయంత్రాల మాట వెనక్కి తీసుకుంటున్నా. రెండు గంటలే ఆడండి. మీనాక్షిని మాత్రం తీసుకురండి.

రిటైర్డ్ రామప్ప:
చీపురు సీను సగానికి కోసేయండి. ఆ దెబ్బలు తిన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, మూడో దెబ్బ దాకానే నవ్వుతారు, ఆ తర్వాత దగ్గులు వినిపిస్తాయి. అక్కడ మిగిలిన పది నిమిషాలూ మీనాక్షికి ఇవ్వండి.

ఎంపీఏ రెండో ఏడు:
మా డైరెక్టర్‌కి ఈ చర్చంతా చూపించాను. సోమవారం మీనాక్షి సీను మళ్లీ చదువుతున్నాం. బైరాగి విషయం ఆలోచిస్తానన్నారు, నవ్వారు కూడా, దాన్ని ఎటు తీసుకోవాలో తెలీదు. మంచం మాత్రం ఇంకా దొరకలేదు. ఇద్దరు మగాళ్లు కింద దూరేంత ఎత్తుండాలి. హాస్టల్ మంచాలు చాలా పొట్టి. ఎవరింట్లోనైనా పాత పట్టెమంచం ఉంటే చెప్పండి, ఆటో ఖర్చు మాదే.