బిగ్ బర్డ్ బొమ్మలు గీసి పంచిపెట్టే ఎపిసోడ్ ఎవరికైనా గుర్తుందా?

తెనాలి_టు_జెర్సీ:
అందరికీ నమస్తే. 83లో నాకు ఐదేళ్లు, న్యూజెర్సీలో ఉండేవాళ్లం. పొద్దున్నే కార్పెట్ మీద బాసింపట్టు వేసుక్కూచుని పీబీఎస్‌లో (అక్కడి పబ్లిక్ టీవీ ఛానెల్) సెసమీ స్ట్రీట్ అనే పిల్లల ప్రోగ్రాం చూడకపోతే నాకు పాలు దిగేవి కావు. ఎర్నీ, బర్ట్, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్, ఉరుములు మెరుపుల మధ్య అంకెలు లెక్కపెట్టే కౌంట్, అన్నీ గుర్తున్నాయి. కానీ ఒక్క ఎపిసోడ్ మాత్రం ఇప్పటికీ వదలట్లేదు. బిగ్ బర్డ్, అదే ఆ పెద్ద పసుపు పక్షి, ఆ వీధిలో పెద్దవాళ్లందరి బొమ్మలూ గీసి తెచ్చి ఎవరిది వాళ్లకి ఇస్తాడు, చివర్లో ఒకటి మిగిలిపోతుంది, అది తీసుకోడానికి మనిషి లేడు, అందరూ మాట రాక అలా నిలబడిపోతారు.

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ ఏడే తెనాలిలో మా తాతయ్య పోయారు. టెలిగ్రాం వచ్చిన రోజు అమ్మ బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడవడం నాకు వినబడింది. నాతో మాత్రం తాతయ్య ఊరెళ్లారమ్మా అన్నారంతే. నేను స్కూల్లో వేసిన బొమ్మలన్నీ ఆయనకి చూపించాలని నీలం రంగు బిస్కెట్ల డబ్బాలో దాచేదాన్ని, డబ్బా మూత పట్టనంత అయ్యాయి. అందుకే డౌటు, ఆ ఎపిసోడ్ నిజంగా వచ్చిందా లేక నా బొమ్మలూ బిగ్ బర్డ్ బొమ్మలూ నేనే కలిపేసుకున్నానా?

పెసరట్టు_అమ్మమ్మ:
నిజంగా వచ్చిందమ్మాయ్, నేనూ చూశాను. ఆ మనిషి మిస్టర్ హూపర్, వీధిలో కొట్టు నడిపే పెద్దాయన. 1983 నవంబర్ 24, థాంక్స్‌గివింగ్ రోజు వచ్చింది. అందరూ ఇంట్లో ఉంటారు, పిల్లలు ఏమైనా అడిగితే చెప్పడానికి అమ్మానాన్నా పక్కనే ఉంటారని ఆ రోజు పెట్టార్ట. మా వారికీ ఆ రోజు సెలవే, చికాగోలో నలుగురం ఒకే సోఫాలో కూచుని చూశాం.

ఇంకో సంగతి చెప్పాలి నీకు. నేను బీయే పాసయ్యే వెళ్లాను గానీ షాపులో క్యాషియర్ అమ్మాయి మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, పుస్తకంలో చదివిన ఇంగ్లీషు వేరు వాళ్ల నోట్లో ఇంగ్లీషు వేరు. ఈ ప్రోగ్రాం మొదలెట్టిందే (1969 నవంబర్‌లో) ప్రీస్కూలుకి వెళ్లలేని పేదింటి పిల్లలు చదువులో వెనకబడకూడదని, మాట విడమరిచి చెప్తారు, ఒకటే మాట పదిసార్లు చెప్తారు. గ్రోవర్ అనే నీలం బొమ్మ టీవీ అద్దం దాకా పరిగెత్తుకొచ్చి ఇది దగ్గర అంటుంది, మళ్లీ అంత దూరం పరిగెత్తి అక్కణ్ణుంచి ఇది దూరం అని అరుస్తుంది, పాపం ఆయాసంతో పడిపోయేదాకా. మా చిన్నది ఒళ్లో ఉండేది, దానితో పాటు నేనూ పైకి అనేదాన్ని. నా ఇంగ్లీషు అక్కడే వచ్చింది.

బొమ్మలబాబు:
తెనాలి గారూ, మీకు గుర్తున్నది కరెక్టే. హూపర్ వేషం వేసిన విల్ లీ గారు మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్న నటుడు, 1982 డిసెంబర్‌లో పోయారు. ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, లేదా రిటైరై వేరే ఊరు వెళ్లాడని చెప్పేయొచ్చు. వాళ్లు అలా చెయ్యలేదు, పిల్లల సైకాలజిస్టులతో మాట్లాడి, ఉన్నదున్నట్టు చెప్పాలని డిసైడయ్యారు. అందుకే ఎపిసోడ్‌లో ఆయన వచ్చాక ఇస్తాలే అని బిగ్ బర్డ్ అంటే, చనిపోయినవాళ్లు ఇంక తిరిగి రారు అని ఆ వీధిలో ఉండే సూజన్ మొహమ్మీదే చెప్తుంది, ఎంత మెత్తగా చెప్తుందో. ఎందుకిలా అవ్వాలి అని అడిగితే గోర్డన్ దగ్గర జవాబు ఉండదు. అక్కడ పెద్దవాళ్ల కళ్లల్లో నీళ్లు నిజంవే.

ఆ బొమ్మలు గీసింది కూడా పక్షి లోపలున్న క్యారోల్ స్పిన్నీ గారే. ఎనిమిదడుగుల రెండంగుళాల పక్షి అది. ఆయన కుడిచెయ్యి నెత్తి మీదకి పూర్తిగా చాపి పట్టుకుంటే ఆ చెయ్యే పక్షి మెడా తలా, చిటికెనవేలితో రెప్పలు వాలుస్తాడు. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో ఉంటుంది, కుడి రెక్కకి చెయ్యి ఉండదు కాబట్టి చేపల గాలానికి కట్టే దారంతో దాన్ని ఎడమ రెక్కకి ముడేశారు, అందుకే ఇది కిందకి దిగితే అది పైకి లేస్తుంది, గమనించి చూడండి. బయటేం కనబడదు, గుండెకి కట్టుకున్న చిన్న టీవీలో చూసుకుంటూ నడవాలి. ఆ చీకట్లో చెయ్యెత్తి పట్టుకుని, పదమూడేళ్లు కలిసి పనిచేసిన మనిషి గురించి ఆ మాటలు చెప్పాడాయన. 2018 దాకా చేశాడు, మరుసటి ఏడే పోయాడు.

చమ్కీ_ఫ్యాన్:
నేను చాలా తర్వాత బ్యాచ్ అండి, హైదరాబాద్‌లో 2006 నుంచి గల్లీ గల్లీ సిమ్ సిమ్ చూసిన బ్యాచ్, అది దీనికి మన దేశం వెర్షన్. రెండు జడలు, స్కూల్ యూనిఫాం వేసుకుని చమ్కీ, ఇంకా బూంబా సింహం. మేం హిందీలో చూశాం, మా నానమ్మ పక్కన కూచుని ఏవంటోందే ఆ పిల్ల అని అడుగుతుంటే తెలుగులో చెప్పేదాన్ని. అదే తెలుగులో వచ్చుంటే నానమ్మకి నాకంటే ఎక్కువ నచ్చేది.

తెనాలి_టు_జెర్సీ:
అందరికీ థాంక్స్, బాబు గారూ రెక్కల సంగతి నిజంగానే కనబడింది. రాత్రి అమ్మా నేనూ కలిసి చూశాం. చివర్లో హూపర్ బొమ్మని బిగ్ బర్డ్ తన గూటి దగ్గర తగిలించుకుంటాడు చూడండి, అక్కడ అమ్మ వీడియో ఆపమంది. ఇన్నేళ్లలో మొదటిసారి తాతయ్య ఎలా పోయారో చెప్పింది, సాయంత్రం అరుగు మీద కూచుని మజ్జిగ తెమ్మన్నార్ట, అమ్మమ్మ గ్లాసు పట్టుకొచ్చేసరికే అయిపోయిందట. నా డబ్బాలో బొమ్మలు ఎవరికోసమో అప్పుడే తెలుసంది, తెలిసే ఏం చెప్పాలో తోచక ఊరుకుందట.

ఇవాళ మళ్లీ అదే పెట్టమంటోంది. ఆ వీధిలోనే ఉండే మారియాకీ లూయిస్‌కీ పెళ్లయ్యే ఎపిసోడ్ కూడా చూస్తుందట, 88లో వచ్చింది కదా అది. పూర్తిది ఎక్కడైనా ఉంటే లింక్ పెట్టండి ప్లీజ్.