పెరోల్ ఇచ్చే ముందు బాధిత కుటుంబాన్ని అడగాల్సిన పని లేదా?

ప్రశ్న (కడప జిల్లా నుంచి):
మాది ప్రొద్దుటూరుకు దగ్గరలోని ఒక పల్లె. తొమ్మిదేళ్ల కిందట మా అన్నను చంపిన కేసులో ఒక మనిషికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ కేసులో కళ్లారా చూసిన సాక్షి మా అమ్మే. కిందటి నెలలో ఒక పొద్దున అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుచుకుంటూ ఉండగా, ఆ మనిషి వీధి వెంట నడుచుకుంటూ వచ్చి, మా ఇంటి ముందర ఆగి, “పెద్దమ్మా, బాగుండావా?” అని పలకరించి వెళ్లాడు. బెదిరించలేదు, గొంతు కూడా పెంచలేదు. అమ్మ చేట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అరుగు మీద కాయలన్నీ కోళ్లు చెదరగొట్టి ఉన్నాయి, అమ్మ ఇంకా తలుపు తీయలేదు.

పెరోల్ మీద వచ్చాడని ఆ తరువాత తెలిసింది. అంతకు ముందే ఒక కానిస్టేబుల్ ఊళ్లోకి వచ్చి, రచ్చబండ దగ్గర ఇద్దరు పెద్దమనుషులను విచారించి, గొడవలేమీ ఉండవని రాసుకుని వెళ్లారట. రచ్చబండకు నాలుగిళ్ల అవతలే మా ఇల్లు. అతడికి పెరోల్ ఇవ్వకూడదని నేను అనడం లేదు, వాళ్లమ్మ మంచాన పడిందన్న మాట నిజమే. అయితే అతడు వస్తున్నాడని మాకు ముందుగా చెప్పాలని, మా మాట కూడా రాసుకోవాలని చట్టంలో ఎక్కడైనా ఉందా?

జవాబు (న్యాయవాది, కర్నూలు):
అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబే చట్టంలో ఉంది. జైళ్లు రాష్ట్రాల అధికార పరిధిలోని విషయం కాబట్టి పెరోల్ జైలు నియమాల ప్రకారం, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం నడుస్తుంది. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ విధానాల చట్టం) స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత శిక్ష తగ్గింపు గురించి చెబుతుంది తప్ప పెరోల్ జోలికి పోదు. ఒక్క ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మాత్రం, 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్, ఆ చట్టం కింద బెయిలు, విడుదల, పెరోల్ విషయాల్లో జరిగే ఏ విచారణలోనైనా బాధితులు తమ మాట వినిపించుకోవచ్చని స్పష్టంగా చెబుతుంది. మీ కేసు ఆ చట్టం కిందిది అయితే ఆ హక్కును మీరు గట్టిగా అడగాలి.

ఆ చట్టం కిందిది కాకపోయినా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు. మన కర్నూలు జిల్లాకు చెందిన ఒక హత్య కేసులోనే, దోషికి గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును హతుని కుమారుడు సవాలు చేస్తే, 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. క్షమాభిక్ష దోషి మేలు కోసం మాత్రమే కాదని, బాధిత కుటుంబం మీద, సమాజం మీద దాని ప్రభావాన్ని కూడా చూడాలని ఆ తీర్పులో ఉంది. ఉత్తరప్రదేశ్‌లో రైతుల మీదికి వాహనం దూసుకెళ్లిన లఖింపూర్ ఖేరీ కేసులో 2022లో, నేరం జరిగిన నాటి నుంచి అప్పీలు దాకా ప్రతి దశలోనూ బాధితుల మాట వినాలని అదే కోర్టు చెప్పింది. ఈ రెండూ పెరోల్ తీర్పులు కావు, ఒకటి క్షమాభిక్షది, మరొకటి బెయిలుది. అయినా మీ అర్జీలో వాటిని ప్రస్తావించడం వృథా పోదు.

మీ అమ్మగారు సాక్షి అన్న సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. 2018 నాటి సాక్షుల రక్షణ పథకం విచారణ జరిగే కాలానికే కాక, ఆ తరువాత ఎదురయ్యే ముప్పుకు కూడా వర్తిస్తుంది. జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి, దాని మీద పోలీసులు ముప్పు అంచనా నివేదిక ఇస్తారు. ఆమె మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

జవాబు (జైళ్ల శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి, కడప):
పెరోల్ ఫైలులో పోలీసు నివేదికదే పెద్ద బరువు. ఖైదీ ఊళ్లోకి వస్తే శాంతికి భంగం కలుగుతుందా అన్న దానికి చాలాసార్లు ఒకే వాక్యంలో జవాబు వస్తుంది, ఆ వాక్యం ఎవరిని అడిగి రాశారో కాగితం మీద కనబడదు. అందుకని మీరు ఇప్పుడే, అతడు లోపల ఉండగానే, జైలు సూపరింటెండెంటుకూ జిల్లా ఎస్పీకీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. బాధితుల ఉత్తరం ఫైలులో ఉంటే దాన్ని చూడనట్టు దాటిపోవడం ఏ అధికారికైనా కష్టం. “పెరోల్ ఇవ్వవద్దు” అని మాత్రమే రాస్తే దాన్ని పాతకక్ష అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. మన సీమలో ఆ ముద్ర ఎంత తేలికగా పడుతుందో మీకు తెలియంది కాదు. ఏ వీధిలోకి రాకూడదు, ఎక్కడ ఉండాలి, వచ్చే తేదీ మీకు ఎన్ని రోజుల ముందు తెలియాలి అన్నవి విడివిడిగా రాయండి. షరతులు పెట్టే అధికారం మంజూరు చేసేవారికి ఉంది, అడిగేవారే లేరు.

జవాబు (అనంతపురం):
మా నాన్న శిక్ష అనుభవిస్తున్నారు. అక్క పెళ్లికి పెరోల్ మీద వచ్చినప్పుడు, అవతలి కుటుంబం కూడా మా ఊళ్లోనే ఉంది కాబట్టి, మా మామ ఆయనను ఊరి బయటే దింపి చెరువుకట్ట మీదుగా ఇంటికి తీసుకొచ్చాడు. ఎవరూ చెప్పకపోయినా మేము అలా చేశాం. ఆ షరతే కాగితం మీద ఉండి ఉంటే మాకూ ధైర్యంగా ఉండేది. ఆ మూడు రోజులూ మా అమ్మ కూడా సరిగా నిద్రపోలేదు. మీరు అడుగుతున్నది న్యాయమైనదే అక్కా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఉత్తరం రాసి అమ్మకు చదివి వినిపించాను. తేదీ ముందుగా చెప్పాలని, మా వీధి గుండా రాకూడదని, విచారణకు వచ్చే పోలీసులు మా ఇంటికి కూడా రావాలని రాశాను. అంతా విని అమ్మ ఇంకొక మాట చేర్చమంది. వాళ్లమ్మను చూసుకోవడానికి రావడానికి తనకు అభ్యంతరం లేదని కూడా రాయమంది. అది రాసిన తరువాతే వేలిముద్ర వేసింది. రేపు పోస్టు చేస్తాను.