ఈక్వేషన్లున్న రిపోర్టు, లాటెక్ రాని సహోద్యోగులు: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

కొలబద్ద:

అందరికీ నమస్తే. మేం ఐదుగురం కలిసి ఒక రిపోర్టు రాస్తున్నాం, అరవై పేజీల దాకా వస్తుంది, అందులో ఈక్వేషన్లు ఓ నలభై ఉంటాయి. లెక్కల వైపు నేనొక్కణ్ణే. మిగతావాళ్ళలో ఇద్దరు ఫీల్డ్‌లో కొలతలు తీసేవాళ్ళు, ఒకాయన బడ్జెట్ చూస్తారు, ఇంకొకరు మా మేడం, చివరి మాట ఆవిడదే. వీళ్ళెవరికీ లాటెక్ (కోడ్‌లా ఆదేశాలు టైప్ చేస్తే పిడిఎఫ్ తయారుచేసి ఇచ్చేది) రాదు, నేర్చుకోండని చెప్పే ధైర్యం నాకు లేదు.

మొదటి డ్రాఫ్ట్ అలవాటు కొద్దీ లాటెక్‌లో రాసి పిడిఎఫ్ పంపాను. ఒకరు దాన్ని ప్రింట్ తీసి పెన్నుతో దిద్ది ఫోన్‌లో ఫొటోలు తీసి పంపారు, అది కొంత నయం. ఇంకొకరు పిడిఎఫ్‌లోంచి టెక్స్ట్ మొత్తం కాపీ చేసి వర్డ్‌లో పెట్టుకుని దిద్దారు, ఆ దెబ్బకి భిన్నాల్లో గీతలు ఎగిరిపోయాయి, పైన ఉండాల్సిన ఘాతాలు కిందికి దిగి పక్కన కూర్చున్నాయి. ఒకచోట 10⁻³ కాస్తా 10-3 అయిపోతే, బడ్జెట్ ఆయన పక్కన "7 అని రాస్తే సరిపోతుంది కదా" అని కామెంట్ పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు నా దగ్గర మూడు వెర్షన్లు ఉన్నాయి, ఏది అసలుదో నాకే అనుమానం.

నాకు కావలసింది ఇంతే: వాళ్ళు వాక్యాలు హాయిగా దిద్దుకోవాలి, ఎవరు ఏం మార్చారో నాకు కనిపించాలి, ఈక్వేషన్ల జోలికి ఎవరూ వెళ్ళకూడదు, నంబర్లు తారుమారు కాకూడదు. ఇవన్నీ కుదిరే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా?

పాతకాపు:

వర్డ్ వాడండి. చాలామందికి నచ్చదని తెలుసు, నేనూ పదేళ్ళు లాటెక్ తప్ప ఇంకోటి ముట్టుకోనని మొండికేసినవాణ్ణే. కానీ మీ లెక్క మీరే చూసుకోండి, అరవై పేజీల్లో నలభై ఈక్వేషన్లు అంటే తొంభై శాతం మామూలు వాక్యాలే, ఆ వాక్యాలు దిద్దేది మిగతా నలుగురు. ఎక్కువ చేతులు ఎక్కడ పడతాయో ఫైల్ అక్కడే ఉండాలి, లెక్కలవాడొక్కడు సర్దుకోవాలి.

పైగా ఇప్పటి వర్డ్‌లో ఈక్వేషన్ కొట్టడం మీరు అనుకున్నంత కష్టం కాదు. 2007 నుంచి అందులో ఉన్న ఎడిటర్ వేరు, అంతకుముందు డబుల్ క్లిక్ చేస్తే చిన్న కిటికీ తెరుచుకునేదే అది వేరు. ఆల్ట్ నొక్కిపట్టి సమానం గుర్తు కొట్టండి, మ్యాక్‌లో అయితే కంట్రోల్‌తో. పెట్టె తెరుచుకుంటుంది. అందులో బ్యాక్‌స్లాష్ కొట్టి ఆల్ఫా అని ఇంగ్లిషులో రాసి స్పేస్ నొక్కితే α అవుతుంది. ఏటవాలు గీత (/) కొట్టి స్పేస్ ఇస్తే భిన్నం అవుతుంది, టోపీ గుర్తుతో ఘాతం, అండర్‌స్కోర్‌తో కింది అక్షరం. మౌస్ ముట్టుకోనక్కర్లేదు. కొత్త వెర్షన్లలో ఈక్వేషన్ ట్యాబ్‌లో లాటెక్ అనే బటన్ కూడా ఉంటుంది, అది నొక్కి మీ పాత కోడ్ పేస్ట్ చేసి, కన్వర్ట్‌లో ప్రొఫెషనల్ అంటే చాలావరకు వచ్చేస్తుంది. మీరు సొంతంగా పెట్టుకున్న కమాండ్లు మాత్రం దానికి తెలియవు, వాటిని ముందే విప్పి రాసుకోవాలి.

ఒక్క చిరాకు ముందే చెప్తున్నా. పేరాలో ఈక్వేషన్ ఒక్కటే ఉంటేనే అది పెద్దగా, విడిగా కనిపిస్తుంది. దాని తర్వాత పెట్టె బయట చిన్న ఫుల్‌స్టాప్ పెట్టినా సరే, అది వాక్యంలో భాగం అనుకుని కుంచించుకుపోతుంది, సిగ్మాల పైనా కిందా ఉన్న హద్దులు పక్కకు జరుగుతాయి. ఫుల్‌స్టాప్, కామా ఏదైనా పెట్టె లోపలే పెట్టండి. ఇది తెలియక నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా.

సిగ్మా:

పాతకాపు గారూ, మీరు మరీ తొందరగా చేతులెత్తేశారు. ఓవర్‌లీఫ్, అదే బ్రౌజర్‌లో నడిచే లాటెక్, ఎందుకు వద్దు? బ్రౌజర్‌లో లింక్ ఇస్తే చాలు, ఎవరూ ఏమీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. కోడ్ చూసి భయపడేవాళ్ళకి విజువల్ ఎడిటర్ ఉంది, అందులో హెడ్డింగులు హెడ్డింగుల్లాగే, ఈక్వేషన్లు ఈక్వేషన్లలాగే కనిపిస్తాయి. కామెంట్లు పెట్టుకోవచ్చు. ఎవరు ఏం మార్చారో చూపించే ట్రాక్ చేంజెస్ కూడా ఉంది, కాకపోతే అది డబ్బు కట్టిన ఖాతాలకే, ఉచిత ఖాతాలో ఎంతమందిని కలుపుకోవచ్చన్న దానికీ పరిమితి ఉంది, ముందు చూసుకోండి. నంబర్లు, రిఫరెన్సులు అన్నీ వాటంతట అవే. వర్డ్‌లో నలభై ఈక్వేషన్లకి చేత్తో నంబర్లు వేసుకుంటూ కూర్చుంటారా?

రాత్రిడ్యూటీ:

సిగ్మా గారు చెప్పినట్టే మేం చేశాం. కథ చెప్తా వినండి.

మా టీంలో ఒకావిడ చాలా జాగ్రత్త మనిషి, అక్షరం అక్షరం చూసి దిద్దుతారు. విజువల్ ఎడిటర్ కాకుండా పొరపాటున కోడ్ వైపు తెరిచి ఒక పేరాలో "దిగుబడి 12% పెరిగింది, కానీ రెండో ఏడాది ఆ పెరుగుదల నిలవలేదు" అనే అర్థం వచ్చేలా ఒక వాక్యం చేర్చారు. లాటెక్‌లో శాతం గుర్తు అంటే కామెంట్ కదా, అక్కణ్ణించి ఆ లైను చివరిదాకా ఉన్నదంతా మాయం. ఎర్రర్ రాలేదు, ఎర్ర గుర్తు లేదు, పిడిఎఫ్ చక్కగా వచ్చింది. "దిగుబడి 12" దగ్గర ఆగి తర్వాతి పేరా మొదలైంది. రెండు వారాలు ఎవరూ గమనించలేదు. ఎర్రర్ ఇచ్చే తప్పులతో గొడవ లేదు, & పెడితే అరుస్తుంది, మామూలు వాక్యంలో అండర్‌స్కోర్ పెడితే డాలర్ గుర్తు లేదని అరుస్తుంది, వెళ్ళి సరిచేస్తాం. చడీచప్పుడూ లేకుండా మింగేసేదే ప్రమాదం.

ఇంకో సంగతి, ఫైల్ కంపైల్ కాకపోతే, అంటే కోడ్ నుంచి పిడిఎఫ్ తయారవకపోతే, ఆ మనుషులు దాన్ని తమ తప్పు అనుకుంటారు. ఒకసారి అలా అనిపించాక మళ్ళీ ఫైల్ తెరవరు, మార్పులన్నీ మెయిల్లో రాసి పంపుతారు. అప్పుడు మన సాఫ్ట్‌వేర్ ఓవర్‌లీఫ్ కాదు, మెయిలు.

లాటెక్ లాంటి పనే చేసే లిక్స్ అయినా, టైప్‌స్ట్ అయినా ఇదే గొడవ. సాధనాలు మంచివే, నాకు టైప్‌స్ట్ అంటే ఇష్టం కూడా. కానీ అవతలివాళ్ళు కొత్తది ఒకటి నేర్చుకోవాలి అన్నచోటే కథ ఆగిపోతుంది.

కొలబద్ద:

అయ్యబాబోయ్, శాతం గుర్తు సంగతి నాకు తెలిసీ తట్టలేదు. మా రిపోర్టు నిండా శాతాలే.

సరే, వర్డ్ అనుకుందాం. మరి నంబర్ల సంగతి? మధ్యలో ఒక ఈక్వేషన్ చేరిస్తే తర్వాతవన్నీ జరగాలి, టెక్స్ట్‌లో "సమీకరణం 14 చూడండి" అన్నవి కూడా మారాలి. గూగుల్ డాక్స్ అయితే ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి, మా మేడానికి అది బాగా అలవాటు.

పాతకాపు:

వర్డ్ నిజంగా బలహీనంగా ఉన్నది ఇక్కడే, దాచను. ఈక్వేషన్ చివర # పెట్టి బ్రాకెట్లో అంకె రాసి ఎంటర్ కొడితే నంబర్ కుడి అంచుకి వెళ్ళి అందంగా కూర్చుంటుంది, కానీ అది మీరు కొట్టిన అంకె, దానంతటది మారదు. నాలుగైదు ఈక్వేషన్లయితే అది చాలు. నలభైకి ఇలా చేయండి: గీతలు కనిపించని మూడు గళ్ళ టేబుల్ ఒకటి, మధ్య గడిలో ఈక్వేషన్, కుడి గడిలో క్యాప్షన్ ఆప్షన్‌తో వచ్చే ఆటోమేటిక్ నంబర్. ఆ నంబర్‌ని సెలెక్ట్ చేసి దానికి ఒక బుక్‌మార్క్ పేరు పెట్టండి, టెక్స్ట్‌లో క్రాస్ రిఫరెన్స్ ఆ బుక్‌మార్క్‌కి ఇవ్వండి. తర్వాత ఎక్కడ ఏం చేర్చినా ఫైల్ మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే అన్నీ సర్దుకుంటాయి. టేబుల్‌ని ఒకసారి చేసి పెట్టుకుంటే తర్వాత కాపీ కొట్టుకోవడమే. మొదటి ఐదు చేసేటప్పుడు నన్ను తిట్టుకుంటారు, పర్లేదు.

గూగుల్ డాక్స్‌లో కలిసి రాయడం హాయి, దాన్ని కాదనను. ఈక్వేషన్ల విషయంలో మాత్రం అందులో సొంతంగా ఉన్నది బొత్తిగా మామూలుది, నంబర్లు వేసే ఏర్పాటే లేదు. ఇంకా పెద్ద తలనొప్పి, వర్డ్‌కీ దానికీ మధ్య ఫైల్ అటూ ఇటూ తిరగడం. మూడు ఈక్వేషన్లున్న చిన్న ఫైల్‌తో ఒకసారి అటు తిప్పి ఇటు తెచ్చి చూడండి, మీకే తెలుస్తుంది.

సిగ్మా:

సరే, ఒప్పుకుంటా, ఈ టీంకి ఓవర్‌లీఫ్ కుదరదు. కానీ కొలబద్ద గారు ఇప్పటికే లాటెక్‌లో రాసిన డ్రాఫ్ట్‌ని మళ్ళీ చేత్తో కొట్టక్కర్లేదు. పాన్‌డాక్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, లాటెక్ ఫైల్ ఇస్తే వర్డ్ ఫైల్ ఇస్తుంది, ఈక్వేషన్లు బొమ్మలుగా కాదు, వర్డ్‌లో దిద్దుకోగలిగే అసలు ఈక్వేషన్లుగా వస్తాయి. మీ సొంత కమాండ్లని కూడా చాలావరకు అదే విప్పుకుంటుంది. నంబర్లు, రిఫరెన్సులు మాత్రం రావు, మీరు లేబుల్‌కి పెట్టిన పేరే టెక్స్ట్‌లో మిగిలిపోతుంది, వాటిని పాతకాపు గారి పద్ధతిలో వేసుకోండి.

ఒక్క షరతు. ఆ మార్పిడి ఒక్కసారే. వారం వారం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు అనుకుంటే మళ్ళీ మూడు వెర్షన్ల దగ్గరికే వస్తారు. మార్చిన రోజే పాత లాటెక్ ఫైల్‌ని వేరే ఫోల్డర్లో పడేసి, దాన్ని ఇక ముట్టుకోకండి.

రాత్రిడ్యూటీ:

దీనికి రెండు మాటలు. ఈక్వేషన్ లోపల ఎవరైనా దిద్దితే వర్డ్ ట్రాక్ చేంజెస్‌లో అది చదవడానికి నరకం. అందుకే మేం పెట్టుకున్న రూలు, ఈక్వేషన్‌లో తేడా కనిపిస్తే కామెంట్ మాత్రమే పెట్టాలి, మార్చేది ఒక్క మనిషే. రూలు నోటితో చెప్తే ఎవరికీ గుర్తుండదు, మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి, చివర్లో తీసేయొచ్చు.

రెండోది, ఫైల్ కొత్త ఫార్మాట్‌లోనే (docx) ఉందో లేదో చూసుకోండి. ఎవరైనా పాత వర్డ్ ఫార్మాట్‌లో (doc) సేవ్ చేసి పంపితే ఈక్వేషన్లు బొమ్మలైపోతాయి. అలాగే పాత రిపోర్టుల్లోంచి తెచ్చి అతికించిన ఈక్వేషన్లు డబుల్ క్లిక్ చేసినా తెరుచుకోకపోతే కంగారు పడకండి. అవి పాత ఎడిటర్‌తో చేసినవి, భద్రతా లోపం వల్ల మైక్రోసాఫ్ట్ దాన్ని 2018 జనవరిలో తీసేసింది. మ్యాథ్‌టైప్ అనే విడి ఈక్వేషన్ ప్రోగ్రాం ఉంటే తెరుచుకుంటాయి, లేదంటే మళ్ళీ కొట్టుకోవడమే, పది లోపు అయితే కొట్టుకోవడమే త్వరగా అవుతుంది.

కొలబద్ద:

వారం తర్వాత వస్తున్నా, ఆలస్యానికి సారీ. పాన్‌డాక్‌తో మార్చాను. నలభైలో ముప్ఫై ఆరు ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి, మిగతా నాలుగూ నేను మరీ అతిగా అలంకరించినవి, చేత్తో కొట్టాను. టేబుల్ పద్ధతి పనిచేసింది, పాతకాపు గారూ, మీరన్నట్టే తిట్టుకున్నాను, ఐదు కాదు పన్నెండు దాకా. మేడం మొదటిసారి ట్రాక్ చేంజెస్‌తో మొత్తం చదివి పంపారు, ఇంతకుముందు రెండు పేజీలు చదివి ఫోన్ చేసేవారు. బడ్జెట్ ఆయన కూడా రూలు పాటించారు, 10⁻³ పక్కన కామెంట్ పెట్టారు: "ఇది 7 కాదని ఇప్పుడు అర్థమైంది, మరి ఎంత?" పక్కనే బ్రాకెట్లో 0.001 అని రాసేశాను.

ఒక్కటి మిగిలింది. టేబుల్ గడిలో నంబర్ ఈక్వేషన్‌కి సరిగ్గా మధ్యలో కాకుండా పైకి అతుక్కుని కనిపిస్తోంది, పెద్ద భిన్నాలున్న చోట మరీను. దానికేమైనా ఉందా?

పాతకాపు:

ఆ గడిలో రైట్ క్లిక్ చేసి టేబుల్ ప్రాపర్టీస్, సెల్ ట్యాబ్, అందులో సెంటర్. ఒక టేబుల్‌లో చేసి దాన్నే కాపీ కొట్టి ఉంటే బాగుండేది, ఇప్పుడు నలభైకీ చేసుకోవాలి. సారీ, ముందే చెప్పాల్సింది.